పగడానికి కూడు పెట్టేదెవరు?



ఉప్పాడ ఒడ్డున పగడపు దిబ్బలు లేవు. పగడానికి తేటనీరు కావాలి, అడుగుదాకా ఎండ దిగాలి. గోదావరి వరదనీరు, ఒండ్రు వచ్చి కలిసే చోట అది నిలవదు. అండమాన్‌లో ఉన్నాయి, మన తెలుగువాళ్లు ఎందరో బతుకుతెరువుకు వెళ్లి స్థిరపడిన చోటే. (కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం కాదు ఇది. అది లోతునీటి జీవి. దోషం సంగతి మీకు నేను చెప్పాలా!)

దిబ్బను కట్టే పగడం రాయి కాదు, జంతువు. దాని ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురం ఉంటుంది. ఎండతో ఆహారం తయారుచేసి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఆ నాచే ఇస్తుంది. పగడం దానికి చోటిస్తుంది, తన విసర్జనను ఎరువుగా ఇస్తుంది. రంగు కూడా చాలావరకు నాచుదే. మామూలు వేసవి వేడి మీద నీరు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే నాచు పని చెడుతుంది, ఒంట్లో విషం పుడుతుంది. పగడం దాన్ని బయటికి గెంటేస్తుంది. తెల్లటి సున్నపు ఎముక బయటపడుతుంది. అప్పటికింకా చావలేదు, పస్తులుంటోంది. నీరు త్వరగా చల్లబడితే నాచు మళ్లీ చేరుతుంది. లేకపోతే అంతే. 1998లో, 2010లో, 2016లో అండమాన్ దిబ్బలు ఇలాగే తెల్లబడ్డాయి.

ఇది వినగానే కొందరు అందుకుంటారు: "చూశారా, ప్రకృతిలోనే ఎవరి పని వారిది. వర్ణాలూ అంతే కదా!" కాదు. చాలా జాతుల్లో పగడపు పిల్ల నాచు లేకుండానే పుడుతుంది, సముద్రంలోంచి తెచ్చుకుంటుంది. తల్లి వంశం నుంచి వచ్చింది కాదది. పైగా ఇద్దరికీ ముడుతోంది. వాడ ఇచ్చిన చాకిరీకి ఊరు తిరిగి ఇచ్చిందేమిటి? కులం పనిని విభజించలేదు, పనిచేసేవాళ్లని విభజించిందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చారు. అసలు పగడానికి చేతన లేదు, శీలం లేదు. మనిషి ఎలా బతకాలో దాన్ని చూసి ఎందుకు నేర్చుకోవాలి?

మనలో కొందరు కూడా పటిచ్చ సముప్పాదమంటే "అన్నీ ఒకదానిమీదొకటి ఆధారపడ్డాయి, సర్దుకుపోండి" అని చెప్పేస్తున్నారు. నాకది నచ్చదు. తథాగతుడు దుఃఖానికి హేతువు వెతకమన్నాడు, సర్దుకోమనలేదు. పగడం తెల్లబడితే నాచు ద్రోహి కాదు, పగడం క్రూరురాలూ కాదు. ఆ వేడి బయటినుంచి వచ్చింది, మనుషులు తగలేసిన బొగ్గు, పెట్రోలు నుంచి.

ఉప్పాడలో సముద్రం ఇల్లు మింగితే "రాసిపెట్టి ఉంది" అనేస్తాం. పూర్వజన్మ కర్మను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. డెల్టాకు రావలసిన ఒండ్రు ఏ ఆనకట్టల వెనక ఆగింది? కడలి మట్టం ఎందుకు పెరుగుతోంది? లాభం ఎవరికి, నష్టం ఎవరికి? పున్నమి వందన అయ్యాక ఇవి మాట్లాడుకోండి. వేటకెళ్లే మన ఉపాసకుల్ని ముందు మాట్లాడనివ్వండి.