రాతి మాట, నోటి మాట

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక శాసనం ఉంది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే బంటు దాన్ని వేయించాడు. కాకతీయ రాణి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని సోమనాథదేవుడికి భూమి దానమిచ్చాడు. అంటే అప్పటికే ఇద్దరూ మరణించారన్నమాట. ఆ శాసనం వెలుగులోకి వచ్చేదాకా రాణి 1295 వరకూ ఏలిందనే రాసుకున్నారు. ఒక బంటు కోరిన పుణ్యం కాకతీయుల కాలపట్టికనే సవరించింది.

ముమ్మడికి చరిత్ర రాయాలన్న తలంపు లేదు. రాణి ఎలా పోయిందో చెప్పలేదు. తిరుగుబాటు చేసిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులో మరణించిందన్నది ఇతర ఆధారాలతో చరిత్రకారులు చేసిన ఊహ. భక్తితో పలికిన మాట ఎంతవరకు ప్రమాణం? తెలంగాణ గతాన్ని వెతికేవారికి అడుగడుగునా ఎదురయ్యే ప్రశ్న ఇదే. శాసనాన్ని నమ్మి, స్థలపురాణాన్ని పుక్కిటి పురాణమని తోసెయ్యడం చదువుకున్నవాళ్లకు అలవాటైంది. కానీ శాసనమూ గుడి నీడన పుట్టిందే. దానభూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని ఎన్నో శాసనాలు శపిస్తాయి. ఆ శాపాన్ని పక్కనపెట్టి దాని పైనున్న తేదీని మాత్రం తీసుకుంటున్నాం.

కొలనుపాకలో ఈ చిక్కు ఇంకా గట్టిది. అక్కడి సోమేశ్వర లింగం నుంచే తమ ఆదిగురువుల్లో ఒకరైన రేణుకాచార్యుడు ఉద్భవించాడని వీరశైవుల విశ్వాసం. అదే ఊళ్లోని మాణిక్యస్వామి ఆదినాథుడి విగ్రహమని, భరత చక్రవర్తి చేయించాడని జైనుల విశ్వాసం. కల్యాణి చాళుక్యుల నాటి శాసనాలు అక్కడి జైన బసదుల గురించి చెబుతాయి. సోమేశ్వరాలయ ప్రాంగణంలోని మ్యూజియంలో పాత శిల్పాలు కొలువున్నాయి. లింగం నుంచి ఆచార్యుడు పుట్టాడా అంటే ఏ రాయీ జవాబివ్వదు. రెండు మతాలు ఆ ఊరిని తమదిగా ఎందుకు తలచాయన్నది మాత్రం ఆ పురాణాలు వినకుండా తెలియదు.

న్యాయదర్శనం ఈ సంగతిని చాలా కాలం కిందటే తర్కించింది. చెప్పిందెవరో తెలియని పరంపరాగత వార్తను, అంటే ఐతిహ్యాన్ని, వేరే ప్రమాణంగా లెక్కించక శబ్దప్రమాణంలోనే చేర్చింది. శబ్దప్రమాణమంటే ఆప్తుడి మాట. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడు ఆప్తుడు. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఆ లక్షణం ఒకటేనని వాత్స్యాయనుడు న్యాయసూత్రాల భాష్యంలో తేల్చాడు. ఎంత ఉదారమైన మాట! పుట్టుకతో పనిలేదు, ఎరుక కావాలి.

బొమ్మల పటం చూపుతూ చెప్పే పటం కథను ఈ గీటురాయి మీద పెట్టి చూడాలి. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి చేర్యాల నకాషీ చిత్రకారులు పటం సిద్ధం చేస్తారు. ఎర్రటి నేపథ్యం మీద కథ వరుసగా గళ్లలో దిగుతుంది. కూనపులివారు ఆ పటం విప్పి నేతపని కులమైన పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. వాళ్ల మూలపురుషుడు భావనారుషి తామరతూళ్ల దారంతో బట్ట నేసిన ఘట్టం అందులోదే. దాన్ని కళ్లారా చూసినవారెవరూ లేరు గనుక ఆ ఘట్టానికి కథకుడు సాక్షి కాడు. అయితే మగ్గం పనిని ఒక కులం దైవకార్యంగా ఎలా తలచుకుందో, ఏ ఊళ్లలో తనకు కథ చెప్పే వంశపారంపర్య మిరాశి హక్కు ఉందో అతడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అక్కడ అతడు అచ్చమైన ఆప్తుడు.

చిరిగి పాతబడిన పటాన్ని కర్మ చేసి ఏట్లో కలిపే ఆచారముంది. రాతిని నిలబెట్టిన భక్తే పటాన్ని నీళ్లకు అప్పగించింది. పాత పటాలు అరుదు కావడానికి ఇదొక కారణం.

కొమర్రాజు లక్ష్మణరావు పేరిట 1923లో ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేసింది. ఇప్పటికీ పరిశోధకులు తెరిచే పుస్తకమది. పటం కథలకూ అంతటి పని జరగాలి. పాటతోపాటు పాడినవారి ఊరు, విన్న కులం, వాళ్లిచ్చిన కట్నం, బొమ్మ గీసిన ఇల్లు అన్నీ నమోదు కావాలి. చెప్పగలిగిన పెద్దలు ఉండగానే అది మొదలవ్వాలి.