కారణం రాయని నిషేధం

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు దేశమంతటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. చివరి రోజున సభ, ఆ సభలో ఒక గ్రంథపాలకునికి శాలువా. ఉద్యోగరీత్యా ఇటువంటి సభలకు అనేక పర్యాయాలు వెళ్ళాను. ప్రశంసలలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: ఇన్నేళ్ళ సర్వీసులో వీరి చేతిలో ఒక్క పుస్తకమైనా పోలేదు. విన్న ప్రతిసారీ నాకొక సందేహం కలుగుతుంది. ఒక్క పుస్తకమైనా పోని గ్రంథాలయంలో బీరువాల తాళాలు ఎన్నిసార్లు తెరచి ఉంటారు? 2017 నాటి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి సైతం, అశ్రద్ధ గాని మోసం గాని లేనప్పుడు, ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వేయి సంపుటాలకు అయిదింటి నష్టం సమంజసమేనని అంగీకరించింది. ఆర్థిక శాఖకు ఉన్న ఈపాటి ఔదార్యం మన సన్మానపత్రాలకు ఇంకా అలవడలేదు.

ఇంతకూ మనం గౌరవించవలసినది పుస్తకాన్ని కాపాడిన వానినా, దానిని చదివే స్వేచ్ఛను కాపాడిన వానినా?

మన పూర్వులకు ఈ రెండింటి మధ్య భేదం బాగా తెలుసు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినప్పుడు, పాలకుల భాష వేరు, ప్రజల భాష వేరు. నలుగురు కూర్చుని తెలుగు పత్రిక చదువుకోవడం కూడా అధికారుల దృష్టికి అనుమానాస్పదంగా తోచిన రోజులవి. 1929 నాటి గస్తీ నిషాన్ 53 వచ్చిన తరువాత సభ జరుపుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావలసి వచ్చింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి తరువాత కాలంలో కారాగారవాసం అనుభవించారు. జైలుకు పంపింది రాజకీయాలే అయినా, ఆయన జీవితంలో ఆ రెండు పనులనూ విడదీసి చూడటం కష్టం. కోస్తా జిల్లాలలో 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘాన్ని నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్య వంటివారికి ఇంతటి నిర్బంధం లేకపోయినా, అక్కడా ప్రభుత్వం ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని నిషేధించింది. ఆ నిషేధం బహిరంగంగా విధించినది గనుక దానిపై బహిరంగంగానే వాదించగలిగారు. 1937లో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన పిమ్మట అది తొలగిపోయింది.

నేటికీ గ్రంథాన్ని జప్తు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 95వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్ అయింది. ఆ అధికారం దుర్వినియోగం కాదని నేననను. అయితే అందులో ఒక మర్యాద ఉంది. ప్రభుత్వం తన అభిప్రాయానికి ఆధారాలేమిటో ఉత్తర్వులో పేర్కొనాలి. దానిని రెండు నెలలలోగా హైకోర్టులో ప్రశ్నించవచ్చు. ముగ్గురు న్యాయమూర్తులు విని నిర్ణయిస్తారు. కొనుగోలు జాబితా నుండి మౌనంగా జారిపోయిన పుస్తకానికి ఇవేవీ లేవు. దానిని నిషేధించినట్లు రచయితకే తెలియదు.

ఈ సంగతి నేను పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక జిల్లాలో పుస్తకాల ఎంపిక సంఘానికి అధ్యక్షత వహించాను. జాబితాలో ఒక పూర్వపు సంస్థాన చరిత్ర ఉంది. రైతుల నుండి వసూలు చేసిన అక్రమపు పన్నుల వివరాలను రచయిత దస్తావేజులతో సహా ఇచ్చాడు. చరిత్ర విద్యార్థిగా ఆ ఆధారాలు దృఢమైనవని నాకు తెలుసు. ఆ వంశంవారికి జిల్లాలో పలుకుబడి ఉన్నదనీ తెలుసు. ఎవరూ నాకు ఫోను చేయలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెబుతారేమోనని నేనే ఊహించుకొని, ఆ పేరు మీద గీత గీశాను.

బల్లకు ఆ చివర కూర్చున్న గ్రంథపాలకుడు పదవీ విరమణకు దగ్గరపడినవాడు. లేచి నిలబడి, "వద్దంటే వద్దు సార్. కారణం మాత్రం తీర్మానాల పుస్తకంలో రాయించండి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే నేను చూపించాలి కదా" అన్నారు. స్వరంలో ధిక్కారం లేదు. ఏళ్ళ తరబడి రిజిస్టర్లు నింపిన మనిషి, ఖాళీగా ఉన్న ఒక గడిని చూపించారు, అంతే.

రాయడానికి కలం తీశాను. "అభ్యంతరాలు రావచ్చును" అని రాస్తే, ఎవరి అభ్యంతరాలు అన్న ప్రశ్న వస్తుంది. "ప్రామాణికం కాదు" అంటే అబద్ధం. కొంతసేపటికి "నిధుల కొరత" అని రాశాను. అదే జాబితాలో అంతకు రెండింతల వెల గల వంటల పుస్తకాలను ఆమోదించి ఉన్నాం. ఆయన ఆ పేజీని ఒకసారి చదివి, సంతకం చేసి, పుస్తకం మూశారు.

ఆ సంవత్సరం వారోత్సవాలలో శాలువా మరొకరికి దక్కింది. కప్పింది నేనే.