గురి కుదిరితే చాలునా?

మా నందిగామ ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన యువకుడొకడు, తన మొదటి వేటకు ఆఫ్రికా పోబోతూ, ఆరు నెలలుగా రైఫిలు సాధన చేస్తున్నాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది గనుక ఆ ముచ్చట తీరాలంటే సముద్రాలు దాటాలి. మూడుకాళ్ళ ఊతకర్ర మీద తుపాకి ఆన్చి, ఊపిరి బిగబట్టి, కాగితం మీది జింకబొమ్మలో గుండె ఉండే చోటును కొడుతున్నాడు. "గురి తప్పితే జంతువు గంటల తరబడి బాధపడుతుంది. కనుక సాధన నా బాధ్యత" అంటాడు.

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యరాదు. చంపక తప్పనప్పుడు బాధపెట్టకుండా చంపటం ధర్మమే. కాని ఎట్లా చంపాలన్న దానికి ఎంత చక్కని జవాబు చెప్పినా, ఎందుకు చంపాలన్న ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది. పైగా నేర్పు ముదిరినకొద్దీ ఆ ప్రశ్న మరుగున పడుతుంది.

ద్రోణుడు పరీక్షించినప్పుడు అర్జునుడికి చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు. పిట్ట తల ఒక్కటే కనబడింది. దీన్ని ఏకాగ్రతకు ఆదర్శంగా పిల్లలకు బోధిస్తున్నాం. అది బొమ్మపిట్ట గనుక సరిపోయింది. అదే అర్జునుడు కురుక్షేత్రంలో ఎదుట నిలిచినవారిని గురులుగా కాక మనుషులుగా చూసిన క్షణాన గాండీవం చేజారింది. సాధన అంటే కొంత చూడటం, చాలా చూడకపోవటం.

అయితే తుపాకి పట్టటమే పాపమా? కాదు. 1878 ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు విధించి యూరోపియనును మినహాయించింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనులోని తుపాకులు పట్టుకుపోయాడు. అక్కడ "ఎందుకు?" అంటే జవాబుంది. చేలో పడ్డ అడవిపందుల్ని చూసి కర్ర అందుకున్న మెట్టరైతు దగ్గరా జవాబుంది. మన యువకుడి దగ్గర రుసుము రసీదు ఉంది!

ఆ రుసుముతోనే అడవులు బతుకుతున్నాయని అతని వాదం. కొన్నిచోట్ల నిజమే కావచ్చు. అది రుసుము చెల్లించటానికి సమర్థన అవుతుంది గాని, చంపి ఆనందించటానికి కాదు.

జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికి, మద్రాసు మ్యూజియం చేరిన రెండువేల ఏళ్ళనాటి శిల్పమొకటి ఉంది. అందులో మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే ఆకాశం నుంచి నాణేలు కురుస్తాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, రాణి, మంత్రి - అందరూ ఆయన 'రత్నాలే'. ప్రాణి గాని, మనిషి గాని ఒకరి సొత్తుల జాబితాలోకి ఎక్కటం అప్పటికే మొదలైందన్నమాట. కథలో మాంధాత భూమి చాలక స్వర్గం కోరాడు, అర్ధసింహాసనం చాలక అంతా కోరాడు, చివరకు కిందపడ్డాడు. గోడకు తగిలించే కొమ్ముల తల ఆ జాబితాలో మరొక రత్నం.

ఆ యువకుడికి నేను చెప్పేది ఒకటే. సాధన మానవద్దు, కాగితం మీద గురి ఎవరికీ హాని చెయ్యదు. కాని ప్రయాణానికి ముందు ఒక్కరోజైనా తుపాకి లేకుండా, మేత మేసే జింకను అంత దూరం నుంచే, అంతసేపూ చూడు. గుండె ఉండే చోటును కాదు, జింకను చూడు. ఆ తరువాత "ఎందుకు?" అని నిన్ను నువ్వే అడుగు. జవాబు దొరక్కపోతే వెనక్కి తిరగటం పిరికితనం కాదు.