పోపుల డబ్బా లెక్క ఎవరికి చెప్పాలి?

‘కార్డయితే 2 శాతం అదనం’ అని చేత్తో రాసిన అట్టముక్కలు ఇప్పటికీ కొన్ని కొట్లలో కనిపిస్తాయి. పెద్ద మాల్స్‌లో కాదు, మందుల కొట్టు, మ్యాచింగ్ సెంటర్, జిరాక్స్ షాపు లాంటి చోట్ల. 150 రూపాయల జాకెట్టు గుడ్డకి కార్డు తీస్తే కొట్టతను మొహం చిట్లిస్తాడు. డెబిట్ కార్డు మీద ఇలా అదనం వసూలు చేయడం కుదరదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. అయినా ఆ అట్ట పూర్తిగా పోలేదు. చదువుకున్నవాళ్ళం దాన్ని చూసి కోప్పడతాం. నా డబ్బు ఖర్చు పెట్టుకోవడానికి నేనెందుకు జరిమానా కట్టాలంటాం.

నాకు మాత్రం ఆ అట్టముక్కలో కొంత నిజాయితీ కనిపిస్తుంది. క్రెడిట్ కార్డు గీకిన ప్రతిసారీ కొట్టువాడు బ్యాంకుకి కమిషన్ కట్టాలి. విడిగా అడగని కొట్లన్నీ దాన్ని తమ జేబులోంచే భరిస్తున్నాయనుకోవడం అమాయకత్వం. ఎంతో కొంత సరుకు ధరలో కలుస్తుంది. అప్పుడు అదే కొట్లో నోటిచ్చి పావుకిలో కందిపప్పు కొనుక్కునే మనిషి కూడా ఆ కమిషన్‌లో వాటా కట్టినట్టే. కార్డు వాడిన నాకు రివార్డు పాయింట్లు వస్తాయి, మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకి రావు. ఎవరి సౌకర్యానికి ఎవరు ఖర్చు పెట్టుకుంటున్నారు? వంటింటి చాకిరీ గురించి మనం ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే ఇది. అక్కడ జవాబు తెలిసినవాళ్ళం ఇక్కడ మాత్రం పాయింట్లు లెక్క చూసుకుంటాం.

2016లో యూపీఐ వచ్చింది. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతాలోంచి చేసే యూపీఐ చెల్లింపులకీ, రూపే డెబిట్ కార్డులకీ వ్యాపారి దగ్గర కమిషన్ తీసుకోకూడదన్నారు. కొట్లో పాత అట్ట స్థానంలో క్యూఆర్ కోడ్ అట్ట వచ్చింది. పది రూపాయల కొత్తిమీర కట్టకి కూడా అదనం లేదు. చిల్లర గొడవా లేదు. ఇంతకంటే ఏం కావాలి?

మా వీధి చివర పూలమ్మే ఆమె బుట్టకి ఒక కోడ్ వేలాడుతూ ఉంటుంది. అది ఆమె కొడుకు ఖాతాది. ఆమెకున్నది బటన్ల ఫోను. సాయంత్రానికి ఎంత వచ్చిందో కొడుకు చెప్తే తెలుస్తుంది, టీకి డబ్బు కావాలంటే కొడుకుని అడగాలి. కొడుకు చెడ్డవాడేం కాదు. కానీ రోజంతా ఎండలో కూర్చుని మల్లెలు మూర కొలిచిన చేతిలోకి, కొంగు ముడిలోకి రావాల్సిన డబ్బు ఇంకొకరి జేబులో మోగుతోంది. ‘నోటుంటే ఇవ్వమ్మా’ అని ఆమె నన్ను అడిగే పద్ధతి చూస్తే అప్పు అడుగుతున్నట్టుంటుంది. ఆమె సంపాదన ఆమెది కాకుండా పోవడానికి చట్టమేదీ మారలేదు. డబ్బు నడిచే దారి మారింది, అంతే.

పొదుపు చేయడానికీ, కప్పిపుచ్చడానికీ మనకి ఒకే మాట ఉంది. దాచుకోవడం ఒకటి, దాచడం ఒకటి. మధ్యలో ఒక్క ‘కో’ తేడా, వాడుకలో చాలాసార్లు అదీ ఉండదు. మా అమ్మ పోపుల డబ్బా అడుగున పెట్టింది పొదుపా, దాపరికమా? కూరగాయల డబ్బుల్లో మిగిల్చి, తన చీర మానుకుని కూడబెట్టింది. నా పీహెచ్‌డీ దరఖాస్తు ఫీజు అందులోదే. భార్యాభర్తల మధ్య దాపరికాలేమిటని నీతి చెప్పేవాళ్ళుంటారు. జీతం ఎవరికొస్తుందో, లెక్క ఎవరు చెప్పాలో ముందే నిర్ణయమైపోయిన ఇంట్లో నిజాయితీ భారమంతా ఒకరి మీదే పడుతుంది. లెక్క అడిగే హక్కు రెండు వైపులా లేనిచోట, చెప్పకపోవడాన్ని అబద్ధం అనలేం అని నా ఉద్దేశం.

2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం అవే. గృహిణులు జమ చేసే మొత్తం రెండున్నర లక్షల లోపు ఉంటే పన్ను శాఖ ఆరా తీయదని ప్రభుత్వం చెప్పింది. దాని మీద కూడా వివాదాలు వచ్చి, 2021లో ఆగ్రా ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ఒక గృహిణి పక్షాన తీర్పు చెప్పాల్సి వచ్చింది. సరే, ప్రభుత్వం అడగనంది. ఇంట్లోవాళ్ళు అడిగారు. మా అమ్మ 14 వేలు తీసి బల్ల మీద పెట్టింది. ‘ఇన్నాళ్ళూ నీ దగ్గర ఇంతుందా!’ అని నాన్న నవ్వి, తన ఖాతాలో జమ చేశాడు. అందరూ నవ్వారు, అమ్మ కూడా. ఆ నవ్వుని ఏ శాతాల్లో లెక్కగడతారు?

వర్జీనియా ఉల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే సొంత గదీ, ఏడాదికి 500 పౌండ్లూ కావాలంది. ఆ పౌండ్లు ఎక్కడ ఖర్చయ్యాయో క్షణాల్లో ఇంకొకరి ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంటే ఆ గదికి తలుపు ఉన్నట్టా, లేనట్టా? పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది. ప్రభుత్వం నుంచి గోప్యత గురించి మనం చాలా మాట్లాడాం. పడకగది అవతల పక్క నుంచి గోప్యత మాటేమిటి?

నగదే విముక్తి అని నేననడం లేదు. తాగి వచ్చిన మొగుడు ముందు వెతికేది పోపుల డబ్బానే. తన పేరుతో ఖాతా ఉన్న స్త్రీకి కనీసం అక్కడ ఒక అడ్డుగోడ ఉంటుంది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. అది రహస్యం కాదు. పుస్తకంలో రాసుకున్నారు, పదిమంది ముందు లెక్క చెప్పుకున్నారు. ఆ పదిమందీ వాళ్ళలాంటి ఆడవాళ్ళు. లెక్క కనిపించాలా వద్దా అన్నదాని కంటే, ఎవరికి కనిపించాలి అన్నది నన్ను ఎక్కువ వేధిస్తోంది. ఫోన్ ఎవరి చేతిలో ఉంది, పిన్ ఎవరికి తెలుసు అని అడగకుండా ‘డిజిటల్ సాధికారత’ మీద సెమినార్లు పెట్టేవాళ్ళకి ఈ తేడా పట్టదు.

2023 మేలో 2000 నోట్లు వెనక్కి తీసుకుంటున్నారని విని అమ్మకి ఫోన్ చేశాను.

‘నా దగ్గర ఆ పెద్ద నోట్లెందుకుంటాయే, అన్నీ వందలే’ అంది.