తీరిక ఎవరిది?

పుస్తకాలను ప్రేమించడం మంచి గుణమని మనం తర్కించకుండానే ఒప్పుకొంటాము. సంసారంలో ఉండి కూడా చదువును విడువనివాణ్ణి మరికాస్త మెచ్చుకొంటాము. ఈ మెప్పును నేను పదేళ్ళుగా అనుభవిస్తున్నాను. తెల్లవారుజామున లేచి చదువుతాడనీ, పిల్లల గోలలో కూడా వ్యాసం పూర్తిచేస్తాడనీ బంధువులు చెప్పుకొంటారు. అది అబద్ధం కాదు. అయితే నేను లేచేసరికే వంటింట్లో లైటు వెలుగుతూ ఉంటుందన్న సంగతి వారి మాటల్లో లేదు. నిజానికి నా ఆలోచనలో కూడా చాలాకాలం లేదు.

నా చదువుకు కావలసిన కాలం ఎక్కడినుంచి వచ్చింది? భావవాదిని అడిగితే పట్టుదలనుంచి అంటాడు. మనం అలా అనడానికి వీలులేదు. గుడ్డ వెనుకా గింజ వెనుకా శ్రమను వెదకేవాళ్ళం, తీరిక మాత్రం ఆకాశంనుంచి ఊడిపడినట్లు మాట్లాడితే ఎట్లా? తీరిక కూడా తయారయ్యే వస్తువే. ఎవరో ఒకరు నీళ్ళు పట్టి, పప్పు పొయ్యిమీద పెట్టి, పిల్లవాడి జ్వరం చూసుకొంటే నాకొక గంట తయారవుతుంది.

దేశంలో ఎవరు రోజును ఎట్లా గడుపుతున్నారో 2019లో ప్రభుత్వమే సర్వే చేయించింది. జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో సగటున రోజుకు 299 నిమిషాలు అందులో గడిపారు. ఆ పనిలో చేయి వేసిన పురుషులు గడిపినది 97 నిమిషాలు. అసలు చేయి వేసిన పురుషులే నాలుగోవంతుకు కాస్త ఎక్కువ. తేడా 202 నిమిషాలు. ఎం.ఏ. పరీక్షకు నేను రోజూ చదివినది అంతకంటె తక్కువే.

మహనీయుల ఇళ్ళలోనూ ఈ లెక్క ఉన్నది. మార్క్స్ దస్తూరీ అచ్చువాళ్ళకు కొరుకుడు పడేది కాదు. జెన్నీ కూర్చుని శుద్ధప్రతి రాసేది. ఆ ఇంటి పనిభారం హెలెన్ డెముత్ మోసింది. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వెనుక ఈ ఇద్దరి చేతులూ ఉన్నాయనడం ఆయనను తక్కువ చేయడం కాదు. 1894లో ఎంగెల్స్ అచ్చువేయించిన మూడవ సంపుటంలో, మనిషి స్వేచ్ఛకు పనిదినం తగ్గడమే పునాది అని ఆ మహాశయుడే తేల్చాడు. మనం ఆ సూత్రాన్ని ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకుపోయాము. వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని 1948 చట్టం అన్నది. వంటింటికి గేటూ లేదు, సైరనూ లేదు.

కావాలనుకొంటే ఎట్లాగైనా చదువుకోవచ్చు, భండారు అచ్చమాంబ చదువుకోలేదా అని కొందరంటారు. నిజమే, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొంటూంటే పక్కన కూర్చుని నేర్చుకొని, స్త్రీల చరిత్రలు రాసిన మనిషి ఆమె. వంగదేశంలో రాససుందరీదేవి ఇంకా కఠినమైన దారిన నడిచింది. పన్నెండుమంది బిడ్డల తల్లి. ‘చైతన్య భాగవతం’లోనుంచి ఒక కాగితం తీసి వంటింట్లో దాచుకొని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చి చూసుకొంటూ చదవడం నేర్చుకొన్నది. తరువాత తన జీవితకథ తానే రాసింది. తరగతిలో దీన్ని నేను పట్టుదలకు దృష్టాంతంగా చెప్పేవాణ్ణి. ఒక ఏడు ఒక విద్యార్థిని లేచి, కాగితం దాచుకొని కూడా అక్షరాలు కూడబలుక్కోలేకపోయినవాళ్ళు ఎంతమంది ఉంటారండీ అని అడిగింది. జవాబు చెప్పలేక పాఠం ముందుకు జరిపాను.

సాహిత్యం మనసును మెత్తబరుస్తుంది కదా, చదివినవాడు ఇంట్లో న్యాయంగా ఉండడా అని మరొక వాదం. ఉండాలి. ‘కన్యాశుల్కం’ పాఠం చెప్పి, బుచ్చమ్మ గతికి గొంతు పూడుకుపోయి, ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి మంచినీళ్ళకోసం వంటింటివైపు కేక వేసినవాణ్ణి నేను. చదువు సానుభూతిని ఇస్తుంది; లేచి గ్లాసు తెచ్చుకొనే అలవాటును ఇవ్వదు.

అలాగని చదువు మానేయడమా? అది సన్యాసుల పద్ధతి. నేను పుస్తకం మూసినంత మాత్రాన ఆ గంట నా భార్యకు చేరదు. చేరాలంటే నేను పొయ్యి దగ్గర నిలబడాలి. పెళ్ళికి ముందు ఆమె కథలు రెండు అచ్చయినాయి. ఆ నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు పాలలెక్కకు పోయినాయి. నిరుడు వేసవిలో, సాయంత్రం వంట నాదని చెప్పాను. మొదటి వారం ఆ సమయంలో ఆమె ఒక్క పుటా చదవలేదు. పడుకొని నిద్రపోయింది. నాకు కాస్త కష్టం వేసింది. ఇచ్చిన గంటను వృథా చేస్తున్నదనిపించింది. ఇచ్చిన గంట! ఆ మాట నా మనసులో మెదిలినప్పుడు, కౌలు మాఫీ చేసి రైతు పొలంలో ఏం వేశాడో చూడడానికి వెళ్ళే భూస్వామి గుర్తుకు వచ్చాడు. నిద్ర ఆమెకు ఎన్నేళ్ళ బాకీయో నేనెప్పుడు లెక్కవేశాను గనక!

ఇప్పుడు అప్పుడప్పుడు ఏదో రాసుకొంటున్నది. నాకు చూపలేదు. నా చదువు మాత్రం తగ్గిన మాట వాస్తవం; కూర మాడకుండా చూస్తూ విమర్శ గ్రంథం చదవడం నాకింకా చేతకాలేదు. ఈ వ్యాసం కూడా రెండు వారాలు ఆలస్యమయింది. సంపాదకులు కారణమడిగితే, వంటపని ఉన్నదని రాయడానికి మొహమాటపడి, పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని జవాబు రాశాను.