పిడికెడు బియ్యానికి లెక్క

తెలుగు బైబిలులోని ‘గృహనిర్వాహకత్వం’ అనే మాటకు యజమాని సొత్తును అతని పక్షాన నడిపి లెక్క అప్పగించే బాధ్యత అని అర్థం కాబట్టి, మార్కాపురం, గిద్దలూరు వంటి మెట్టప్రాంతపు సంఘాలలో విశ్వాసి తెచ్చే పిడికెడు బియ్యాన్ని గానీ తొలిపంటను గానీ దానమనడం కన్నా తిరిగి అప్పగింత అనడమే సమంజసం.

ఇచ్చే చేతికీ నియమం ఉందని ఈ ప్రాంత చరిత్రే చూపుతుంది. 1876–78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకుని పేదలకు కూలి కల్పించాడు; అయితే అన్నం కోసమే మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న, నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘాలు ఆ సంఖ్యనే ఎక్కువగా తలుచుకుంటాయి గానీ, అంతకు ముందరి నిరీక్షణే విలువైనది.

ఇచ్చే చేతికే కాదు, పుచ్చుకునే చేతికీ లెక్క ఉంది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ప్రకారం పౌలు, చందా సొమ్ము విషయంలో నింద రాకుండా తోడు మనుషులను పంపాడు. కానుకల పెట్టె తెరిచిన ప్రతి సంఘమూ ఆ జమాఖర్చును సభ్యులందరి ముందు చదివి వినిపించాలి.