జయచిహ్నమా? నిక్షేపమా?

యుద్ధము ముగిసి యిల్లు చేరిన సైనికుడు రిక్తహస్తములతో రాడు. పతకమో, చిరిగిన కంబళియో, తూటా తొడుగో, తోడి సైనికుని యుత్తరమో, శత్రువు కత్తియో, ఏదో యొకటి అతని పెట్టెలో నుండును. అతడు జీవించియున్నంతకాలము ఆ పెట్టె తెఱచు నధికారము అతనిదే. అతడు గతించిన పిమ్మట తాళపుచెవి భార్యకో బిడ్డలకో సంక్రమించును. ధనమునకు వారసులగుట సులభము. ఇట్టి వస్తువులకు వారసులగుట సులభము కాదు. ఏలయన, వానిలో కొన్ని తండ్రివి, కొన్ని తండ్రి తెచ్చినవి. ఈ రెంటికిని గల భేదమును గూర్చియే మే మిచ్చట విచారింపదలచితిమి.

ఉదాహరణమునకు ఒక్క వస్తువును తీసికొందము. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపాను యువకుడు సేనలో జేరుటకు ఇల్లు విడుచునపుడు బంధువులును, ఇరుగుపొరుగువారును, బడి స్నేహితులును గూడి యొక చిన్న జాతీయపతాకముపై తమ పేరులు వ్రాసి యిచ్చెడివారు. తెల్లని గుడ్డ నడుమ ఎఱ్ఱని సూర్యబింబము. దాని చుట్టును నల్లని సిరాతో పేరులు, శుభాకాంక్షలు. ఒక ప్రక్కన ఆ యువకుని పేరు. దీనిని యోసెగాకి హినోమారు అందురు. సైనికుడు దానిని మడిచి తనవెంట నుంచుకొనెడివాడు. దీనికి తోడు సెన్నిన్‌బారి యను నడికట్టు. తల్లియో, భార్యయో, తోబుట్టువో వీథిలో నిలిచి, వచ్చుచు పోవుచున్న స్త్రీలను వేడి, వేయిమందిచేత ఒక్కొక్క ఎఱ్ఱదారపు ముడి వేయించెడిది. పులి వేయి క్రోసులు పోయి మరల వేయి క్రోసులు తిరిగివచ్చునని అచటి నానుడి. కావున పులి సంవత్సరమున బుట్టిన స్త్రీ తన వయస్సెంతయో అన్ని ముళ్ళు వేయవచ్చును. జపాను భాషలో నాలుగు సేనులు అను మాట మృత్యురేఖ అను మాటవలె ధ్వనించును. అందుచేత ఆ రేఖను దాటిన ఐదు సేనుల నాణెమును కొందఱు ఆ పట్టీలో జేర్చి కుట్టెడివారు. దేశముకొఱకు చావుమని ఊరేగింపులు సాగిన కాలమది. తిరిగి రమ్మని పైకి పలుకుటకు వీలు లేకపోగా, స్త్రీలు ఆ మాటను దారముతో కుట్టిరి.

ఆ యువకులలో పెక్కండ్రు తిరిగి రాలేదు. జపాను ప్రధానద్వీపములకు వెలుపల ఆ యుద్ధమున మరణించిన జపానువారు సుమారు 24 లక్షలు. అందు సుమారు 11 లక్షలమంది యస్థికలు నేటికిని స్వదేశము చేరలేదు. ఎన్నో కుటుంబములకు ప్రభుత్వము పంపిన కొయ్యపెట్టెలో ఒక రాయియో, పేరు వ్రాసిన కాగితపుతునుకయో తప్ప మఱేమియు లేదు. పతాకములు మాత్రము అమెరికాకును, బ్రిటనుకును, ఆస్ట్రేలియాకును చేరినవి. మడిచి జేబులో నుంచుకొనుటకు అనువైన గుడ్డ యగుటచే, గెలిచినవారు మృతదేహములనుండి వానిని వేలకొలదిగా తీసికొని తమ యిండ్లకు కొనిపోయిరి. తీసికొన్నవారిలో నేడు బ్రదికియున్నవారు మిక్కిలి కొలదిమంది. పతాకములు వారి బిడ్డల చేతులలోను, మనుమల చేతులలోను ఉన్నవి. కొన్ని వేలములో అమ్ముడుపోవుచున్నవి.

అవి ఎవరివి? ఈ ప్రశ్నకు రెండు బలమైన సమాధానములు కలవు. వానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు.

మొదటిది గెలిచినవాని పక్షము. సైపాను, ఓకినావా ద్వీపములలో పోరాడినవాడు ఆ గుడ్డను అంగడిలో కొనలేదు. ప్రక్కనున్న స్నేహితుడు కూలగా తాను మిగిలినందులకు అది యతనికి సాక్ష్యము. ఇంటివారితో నోటితో చెప్పలేని దానినంతయు అతడు ఆ మడతలో దాచుకొనెను. అట్టివానిని దొంగయని నిందించు అధికారము, తుపాకిమ్రోత వినక సుఖముగా పెరిగిన మనకు లేదు.

రెండవది నష్టపడినవారి పక్షము. జపాను సేన నిర్దోషి కాదు. ఆ సంగతి మన తెలుగువారును ఎఱుగుదురు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడినవి. సయాము-బర్మా రైలుమార్గపు పనికై మలయా తోటలనుండి కొనిపోబడి యడవులలో నశించిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. వారి పేరులు వ్రాసిన పతాకములు లేవు. పెక్కండ్రకు సమాధియైనను లేదు. ఇట్టి సేన గుర్తులను ఆదరముతో తిరిగి పంపుట క్రౌర్యమును మఱచుట కాదా యని యడుగువారికి మేము సమాధానము చెప్పవలసియున్నది.

మా సమాధాన మిది. వస్తువుపై పేరున్నదా లేదా యని మొదట చూడవలెను. విశాఖపట్టణపు మ్యూజియములో ఆనాటి బాంబు ఒకటి ప్రదర్శింపబడుచున్నది. దానికొఱకు ఏ తల్లియు ఎదురుచూడలేదు. అది ఏ వ్యక్తిదియు గాదు, యుద్ధముదే. పదిమంది చూచి యుద్ధమనగా నేమో తెలిసికొనుటకు అది యచ్చట నుండుటే యుక్తము. పేరులు వ్రాసిన పతాక మట్టిది కాదు. అది సేన యిచ్చినది గాదు, ఊరివారిచ్చినది. దానిపై సొంతదారుని పేరును, అతడు మరల రావలెనని కోరినవారి పేరులును స్పష్టముగా నున్నవి. పేరు చదివిన పిమ్మటగూడ ఇది నాదే యనుట ఎట్లు?

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములను పదునెనిమిదింటినిగా లెక్కించి, వానిలో ఋణము తరువాత నిక్షేపమును చెప్పిరి. దాచుమని ఒకడిచ్చిన వస్తువును ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి యొప్పగింపవలెనని దాని సారము. చనిపోయినవాడు దాచుమని చెప్పలేదు గదా యని యందురేమో. చెప్పుటకు అతనికి నోరు లేకపోయెను. ఆ పని గుడ్డపైని పేరులు చేయుచున్నవి. ఇది ప్రాచీనుల మాట మాత్రమే గాదు. రణరంగమున దొరకినట్టియు, మృతులవద్ద దొరకినట్టియు స్వంత వస్తువులను సేకరించి యుభయపక్షములును పరస్పరము పంపుకొనవలెనని 1929వ సంవత్సరపు జెనీవా ఒడంబడిక 4వ ప్రకరణము విధించినది. అమెరికాయు జపానును ఆ యొడంబడికను ఆమోదించినవే. రణరంగపు వేడిలో దానిని పాటించుట కష్టమై యుండవచ్చును. ఎనుబది యేండ్లు గడచిన పిమ్మట నడవలో ప్రశాంతముగా కూర్చున్న వారసునకు ఆ కష్టము లేదు.

ఇక క్రౌర్యమును మఱచుటను గూర్చి. తిరిగి యిచ్చుట మఱచుట కాదు. సేన చేసిన నేరమునకు సేనయు దానిని నడిపిన రాజ్యమును ఉత్తరవాదులు; ముడి వేసిన ముసలితల్లి కాదు. ఆమె ప్రేమను పట్టీగా గట్టి యుద్ధమునకు పంపిన రాజ్యము, ఆమెకు తుదకు రాయి నిచ్చినది. కొడుకు పతాకమును మనమును దాచిపెట్టుకొన్నచో ఆ రాజ్యము చేసిన యన్యాయమునకు మనము చేయి కలిపినట్లే యగును.

2017లో జరిగిన యొక సంగతి ఈ విషయమును మాకంటె చక్కగా చెప్పును. 1944లో సైపాను ద్వీపమున ఒక మృతసైనికునివద్ద పతాకమును తీసికొన్న అమెరికా సైనికుడు తన 93వ యేట జపానుకు పోయి, దానిని మృతుని తోబుట్టువుల చేతులలో నుంచెను. యుద్ధానంతరము ఆ యింటికి వచ్చిన పెట్టెలో కొన్ని రాళ్ళు మాత్రమే యుండెనట. వృద్ధుడు గుడ్డను మాత్రమే యిచ్చిరాలేదు. వారి యన్న ఎచ్చట పడియుండెనో, దేహముపై గాయములు కానరాక నిద్రించువానివలె ఎట్లుండెనో చెప్పెను. డెబ్బదిమూడేండ్లు ఆ యింటివారికి తెలియని సంగతిని చెప్పగలవాడు లోకమున అతడొక్కడే. గుడ్డను పంపుటకు తపాలా చాలును. సాక్ష్యము చెప్పుటకు మనుష్యుడు కావలెను.

ఇందు ఇబ్బందులు లేకపోలేదు. కొన్నిటి సొంతదారులు దొరకరు, వంశమే యంతరించియుండవచ్చును, దొరకినవారు పాత దుఃఖము మాకు వలదనియు ననవచ్చును. వలదన్నవారిని నిర్బంధింపరాదు. అట్టివి దొరకిన చోటును సంవత్సరమును వ్రాసిన చీటీతో మ్యూజియమునకు చేరుట మేలు. చీటీలేని వస్తువు కొన్నాళ్ళకు వింతవస్తువగును, మఱికొన్నాళ్ళకు సరకగును. సరకు చేయుట మాత్రము ఏ న్యాయముచేతను సమర్థింపరానిది.

ఈ విచారము పరదేశములకే పరిమితము కాదు. పశ్చిమగోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరమని పేరొందిన గ్రామమున తరతరములుగా సైనికులున్నారు. తక్కిన తెలుగునాటను ఇట్టి యిండ్లు పెక్కు కలవు. మొదటి ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు సామ్రాజ్యపు సైనికుల కిచ్చిన వెండిపతకముల యంచున సైనికుని సంఖ్య, పేరు, పటాలము చెక్కబడియుండును. పాత వెండి యని కరగింపనిచ్చుటకు ముందు ఆ యంచును ఒక్కమారు చదువుడు. అది మీ తాతగారి పేరైనచో ఆయన కథను తెలిసినంతవఱకు వ్రాసి దానితో నుంచుడు. పెద్దవారు బ్రదికియున్నచో నేడే యడుగుడు. మఱియొకరి పేరైనచో అది మీ యింట నున్న నిక్షేపమని యెఱిగి ఆ యింటివారిని వెదకుడు.

తండ్రి చూపిన ధైర్యము బిడ్డలకు సొత్తు. దానిని ఎవ్వరును తిరిగి యడుగరు. అతడు తెచ్చిన పరుని పేరు మాత్రము అప్పు. తండ్రి తీర్చలేకపోయిన అప్పును తీర్చిన కొడుకును లోకము మెచ్చును గాని, తండ్రిని తక్కువచేసెనని యనదు.